ఓడ ఎప్పుడొస్తుంది?

మొన్న హబ్సిగూడ చౌరస్తాలో టీ తాగుతుంటే మా టీములో కుర్రాడు థాయ్‌లాండ్ దీవుల మధ్య తెరచాప పడవలో తిరగడానికి ఎంతవుతుందో లెక్కలేస్తున్నాడు. వీపున ఒక్క బ్యాగు, అంతేనట.

"అండమాన్‌కి ఓడలో పోరాదురా?" అన్నా.

"ఫ్లైటుండగా మూడు రోజులు ఓడలోనా!" అని నవ్వాడు. తెరచాప పడవేమన్నా ఫ్లైటు కంటే ముందు పోతుందా?

నేను వెళ్ళాను లెండి. 2018లో, ఉస్మానియాలో బీఈ అవగానే, విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు). బంక్ క్లాసు టికెట్టు. మొదటి రోజంతా డెక్కు మీద ఫోటోలు, రెండో రోజంతా వాంతులు. పక్క బెర్తులో శ్రీకాకుళం పెద్దావిడ నిమ్మకాయ చేతిలో పెట్టి "ఇదే మొదులా బాబూ?" అంది. కొడుకు అక్కడ చేపల వేటలో ఉన్నాడట. కాళ్ళ దగ్గర బియ్యం మూట, ఆవకాయ డబ్బా. నాకు సాహసయాత్ర, ఆవిడకి పలాస బస్సు.

2011 లెక్కల్లో ఆ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. అలాంటి చోటికి మన విశాఖ నుంచి ఓడ ఎప్పుడో ఒకసారి! మనకైతే ఆలస్యం కూడా సరదాయే, చెప్పుకోడానికి బావుంటుంది. అందుకే ఆ ఓడ గురించి అడిగే గొంతు మనలోంచి రాదు. నేను మాత్రం? తిరుగు ప్రయాణం ఫ్లైటులో వచ్చేశాను.

దిగేముందు ఆవిడ అడిగింది, "కంప్యూటరు సదివినోడివి, మళ్ళీ ఓడెప్పుడో సూసి సెప్పు బాబూ."

చూశాను. తేదీ ఇంకా పెట్టలేదు.