దళారి ఎవరి మనిషి?

ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగి రిటైరైన రోజు దండలు, మిఠాయిల హడావుడి ముగిశాక ఇంట్లో మిగిలేది ఒకే ప్రశ్న: క్వార్టర్ ఖాళీ చేసి ఎక్కడికి వెళ్లాలి? మామూలు అద్దెపై నాలుగు నెలలు ఉండనిస్తారు. రెట్టింపు అద్దెపై మరో నాలుగు నెలలు. ఆ తర్వాత తాళాలు అప్పగించాల్సిందే. ట్రాఫిక్, మథురాకాటి, నిమ్‌పురా వంటి రైల్వే కాలనీల్లోనే పుట్టి పెరిగిన తెలుగువారికి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో మిగిలింది చుట్టరికమే తప్ప ఇల్లు కాదు. దాంతో మలంచలోనో, తాల్‌బగీచాలోనో, ఇందాలోనో సొంతగూడు వెతుక్కుంటారు. సరిగ్గా అప్పుడే దళారి గుమ్మం తొక్కుతాడు.

అతను తరచు తెలిసినవాడే. తెలుగులో మాట్లాడతాడు, వరస కలిపి పిలుస్తాడు, స్కూటర్ మీద నాలుగు ఇళ్లు తిప్పి చూపిస్తాడు. అంతా బాగానే ఉంది. కానీ అతను ఎవరి తరఫున పనిచేస్తున్నాడన్నది ఎవరూ అడగరు. చాలా బేరాల్లో అతనికి అమ్మేవారూ కమీషన్ ఇస్తారు, కొనేవారూ ఇస్తారు. అదీ ధరలో శాతం లెక్కన. అంటే ధర పెరిగితే అతని వాటా పెరుగుతుంది, బేరం చెడితే రూపాయి రాదు. అతను మంచివాడే కావచ్చు. కానీ ధర తగ్గించమని గట్టిగా అడగడానికీ, 'ఈ ఇల్లు వద్దు' అని చెప్పడానికీ అతనికి కారణమే లేదు.

చట్టం కాపాడుతుందనుకుంటే అదీ కొంతవరకే. 2016 నాటి రెరా చట్టం ప్రకారం నమోదైన ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు, ప్లాట్లు అమ్మించే ఏజెంటు తానూ నమోదు చేసుకోవాలి. పశ్చిమ బెంగాల్ విడిగా చేసుకున్న హిరా చట్టాన్ని 2021 మేలో సుప్రీం కోర్టు కొట్టేయడంతో అక్కడా రెరాయే దిక్కయింది. కానీ 200 చదరపు మీటర్లు మించని స్థలంలో కట్టేవాటికీ, ఆరు ఫ్లాట్లకు మించని భవనాలకూ అక్కడ ప్రాజెక్టు నమోదు అక్కర్లేదు. ఒకరు ఉంటున్న పాత ఇంటిని మరొకరికి అమ్మించే దళారికి ఈ చట్టంతో పనే లేదు. రిటైరైనవారు కొనేవి ఎక్కువగా ఇలాంటివే.

ఖరగ్‌పూర్ తెలుగువారికి మరో చిక్కుంది. బెంగాలీ గడగడా మాట్లాడతారు కానీ చాలామందికి ఆ లిపి చదవడం రాదు. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అయినా భూమి రికార్డులు మాత్రం బెంగాలీలోనే ఉంటాయి. పర్చాలో 'బాస్తు' అని ఉంటే ఇళ్ల స్థలం, 'శాలి' అంటే వరి పొలం, 'పుకుర్' అంటే చెరువు. పూడ్చిన చెరువు మీద ఇల్లు ఎంత ముచ్చటగా ఉన్నా చిక్కులు తప్పవు. కొలతల్లోనూ జాగ్రత్త అవసరం. కఠా అంటే 720 చదరపు అడుగులు, మన లెక్కలో 80 గజాలు. డెసిమల్ అంటే మన సెంటే. ఇక రైల్వే స్థలంలో వెలసిన ఇంటిని స్టాంపు కాగితం మీద రాసిచ్చి అమ్మితే చేతికొచ్చేది కాగితమే, హక్కు కాదు.

ఈ కాగితాలను దళారి చదివి చెబితే, ఆ చదువు కూడా బేరంలో భాగమే అవుతుంది. అందుకే కొనేవారికి అసలైన ప్రతినిధి లాయరు. అదీ దళారి తెచ్చిన లాయరు కాదు, అమ్మేవారి లాయరు అసలే కాదు. ఇల్లు కొన్నా మానుకున్నా ఒకే ఫీజు తీసుకునే లాయరు కావాలి. రిజిస్ట్రీ ఆఫీసులో పాత దస్తావేజుల వెతుకులాట, భూమి రికార్డులో అమ్మేవారి పేరు, ఖతియాన్, దాగ్ నంబర్లు, మునిసిపల్ పన్ను రసీదులు అన్నీ చూశాకే బయానా ఇవ్వాలి. ఆ బయానా 20,000 రూపాయలు, ఆపైన అయితే నగదుగా తీసుకోవడం 2015 నుంచి నిషిద్ధం. చెక్కు ఇస్తే రుజువూ మిగులుతుంది.

దళారిని వద్దనుకోనక్కర్లేదు. ఇళ్లు చూపడంలో అతనికి సాటి లేరు. ముందే ఒక కాగితం రాసుకుంటే చాలు: ఎవరి తరఫున పనిచేస్తాడు, ఎంత తీసుకుంటాడు, ఎప్పుడు తీసుకుంటాడు, అవతలివారి నుంచీ తీసుకుంటాడా? అలా ఏజెంటుగా నియమిస్తే 1872 నాటి కాంట్రాక్టు చట్టం అక్కరకొస్తుంది. ఏజెంటు తన సొంత ఆస్తినే ఆ మాట దాచి అంటగడితే ఆ కొనుగోలును తిరస్కరించే హక్కు అందులో ఉంది.

అమెరికాలో పిల్లలున్నవారు అక్కడి పద్ధతి అడిగి చూడొచ్చు. కమీషన్లపై దావాలు రాజీ అయ్యాక, 2024 ఆగస్టు నుంచి ఏజెంటు ఇల్లు చూపించే ముందే కొనేవారితో ఫీజుపై రాతపూర్వక ఒప్పందం చేసుకోవడం అక్కడ దాదాపు అంతటా నియమమైంది. ఇక్కడ అలాంటి నియమం లేదు. అయినా అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 'నువ్వు ఎవరి మనిషివి?' అన్నది అమర్యాద కాదు. ముప్ఫయ్యేళ్ల సర్వీసు సొమ్ము చేయి దాటే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.