కండిషనరు పడని తల

గడచిన మాఘమాసమున మాకు తెలిసిన యొక బాలిక తన జడను మెడవఱకు కత్తిరించుకొందునని పట్టుపట్టినది. ఆమె పదియవ తరగతి చదువుచున్నది. తల్లి కన్నీరు పెట్టుకొన్నది. నాయనమ్మ అన్నము మానినది. జడ బరువనియు కాదు, చదువున కడ్డమనియు కాదు. మూడు నెలలుగా ఆ జుట్టు కుదుళ్ళయందు జిడ్డుగను, కొనలయందు కొబ్బరిపీచువలెను తయారై, దువ్వెన దిగక, ప్రతి ఉదయము బడిగంట వేళకు ఏడుపు తెప్పించుచుండెను.

మూడు నెలల క్రిందట, అనగా దీపావళికి, బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న అక్క ఒక కండిషనరు సీసాను ప్రేమతో తెచ్చియిచ్చినది. అక్క తలకు అది చక్కగా పడినది. చెల్లెలి తలకు పడలేదు. "సీసా మంచిదే, నా తలయే మంచిది కాదు" అని ఆ పిల్ల తీర్మానించుకొన్నది. ఈ యొక్క మాటయే మాచేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నది. పదునైదేండ్ల పిల్ల తన దేహమును గూర్చి ఇట్టి తీర్పు చెప్పుకొనుట మాకు సహింపరానిదైనది; అందును, ఆ తీర్పు తప్పు.

కండిషనరు చేయు పని ఏమియో మొదట తెలిసికొనవలెను. తలవెండ్రుక కెరటిను అను మాంసకృత్తుచే ఏర్పడినది. దాని పైభాగమున ఇంటి పెంకులవలె ఒకదానిపై నొకటి పరచుకొన్న సన్నని పొలుసులు గలవు. తలంటిన పిమ్మట వెండ్రుకపై ఋణవిద్యుదావేశము నిలుచును. కండిషనరునందలి ధనావేశము గల పదార్థములు దానికి అంటుకొని, పొలుసులను అణచి, నునుపు కలిగించును. అనేకములైన సీసాలలో సిలికోనులు కూడ చేరియుండును. బిరుసైన, ఎండిన జుట్టునకు ఇది మేలే. సన్నని జుట్టునకును, సహజముగా జిడ్డు గల తలకును ఈ పూతయే బరువై, చిక్కై కూర్చుండును. కాబట్టి ఒకరికి పడినది వేరొకరికి పడకపోవుట వింత కాదు.

అయినను మా బాలిక విషయమున ఇంతమాత్రమే కాదు. సంక్రాంతికి ఆమె నాలుగుదినములు అక్కయింట నున్నదట. అచ్చట అదే సీసాతో తలంటుకొనగా జుట్టు మెత్తగా నున్నదట! అక్క యింటికి వచ్చునది కావేరి కుళాయినీరు. జుట్టు మారలేదు, సీసా మారలేదు; నీరు మాత్రము మారినది.

గోరంట్లలో నివసించువారికి మా నీటిని గూర్చి చెప్ప నక్కఱలేదు. చిత్రావతి సంవత్సరములో హెచ్చుభాగము ఇసుకయే. ఈ పీఠభూమిలో ఏటికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటరులు. అందుచే భూమిలో లోతుగా బోర్లు దింపి, రాతిపొరలలో నిలిచి సున్నపు లవణములను కరగించుకొన్న నీటిని తోడుకొనుచున్నాము. ఆ నీట పప్పు త్వరగా ఉడకదు. కాగు లోపల తెల్లని పెచ్చు కట్టును. సబ్బు నురుగు రాక విరిగిన పాలవలె తేలును. త్రాగునీటి కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములు మించరాదనియు, వేరు ఆధారము లేనిచోట 600 వఱకు ఓర్చుకొనవచ్చుననియు భారతప్రమాణము చెప్పుచున్నది. ఈ సున్నము వెండ్రుకలపై కూడ నిలుచును. దానిపై కండిషనరు పూత పడినచో ఏమగునో ఊహింపవచ్చును.

ఇంకొక కారణము కూడ కలదు. దానిని చెప్పుటకు మాకే సిగ్గగుచున్నది. కండిషనరును పూర్తిగా కడిగివేయుటకు ధారాళముగా నీరు కావలెను. ట్యాంకరు కొఱకు బిందెలు వరుస పెట్టు ఇంటిలో ఆ పిల్ల రెండు చెంబులు పోసికొని లేచివచ్చుచుండెను. మూడవ చెంబు అడుగుటకు ఆమెకు మనసొప్పలేదు.

ఇట్టి సందర్భమున సలహా లిచ్చువారు రెండు తెగలు. ఇంకను వెలగల సీసా కొనుమనువారు మొదటివారు. వారితో మాకు వాదము లేదు, వారి కాసులు వారివి. మన పెద్దలకు ఈ పరదేశపు పైత్యములు లేవు, కుంకుడుకాయ యుండగా వేఱేల యనువారు రెండవవారు. వీరితోనే మాకు కొంత పేచీ. షాంపూ అను మాటయే మనదేశపు చాంపో, అనగా ఒత్తుము, మర్దింపుము అను మాటనుండి పుట్టినది. పట్నాలో జన్మించిన దీన్ మహమ్మదు అను నాతడు పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఇంగ్లాండులోని బ్రైటనులో మర్దనస్నానశాల నెలకొల్పి దానిని అచ్చటివారికి మప్పినాడు. కావున ఏది స్వదేశపుదో, ఏది పరదేశపుదో అంత సులభముగా తేలదు. మఱియు పెద్దల పద్ధతి యనగా ఒక్క కుంకుడుకాయ కాదు. ముందు నూనె, పిమ్మట సీకాయ, పిమ్మట పూటంతయు ఎండలో ఆరబెట్టుకొను తీరిక. ఆ తీరిక ఇప్పటి విద్యార్థినుల కెక్కడిది?

అయినను, ఒక నెల గడువిమ్మని, కత్తెరను దాచి పెట్టుమని బాలికను బతిమాలితిమి. నాలుగు ఆదివారములు దొరకినవి.

మొదటి ఆదివారము మేమే తప్పు చేసితిమి. కుంకుడురసముతో తలంటింపగా కండ్లు మండుట యటుండ, ఉన్న కాస్త నూనెయు పోయి జుట్టు నులకత్రాడైనది. ఆ పిల్ల మావంక చూచిన చూపు మఱవలేము. రెండవ వారము సీకాయపొడిలో నానిన మెంతుల ముద్దయు, నూరిన మందారాకును కలిపితిమి. మందారాకు జిగురు వెండ్రుకలపై జారుడు కలిగించును. కండిషనరు చేయవలసిన పనిలో సగము ఇదియే. ఫలితము మెరుగే గాని పొడి తలలో ఇరుక్కొని రెండుదినములు రాలినది. మూడవ వారము ఆ ముద్దను పలుచని గుడ్డలో వడగట్టి రసము మాత్రమే వాడితిమి. ముందునాటి రాత్రి కొబ్బరినూనె పట్టించితిమి. తలంటుటకు ముందుగాని తరువాతగాని కొబ్బరినూనె రాచినచో వెండ్రుకనుండి మాంసకృత్తు పోవుట తగ్గుననియు, ప్రొద్దుతిరుగుడు నూనెకును ఖనిజపు నూనెకును ఆ గుణము లేదనియు 2003లో రేలే, మోహిలే అను పరిశోధకులు ప్రకటించిరి. వారు నూనె వ్యాపారసంస్థలో పనిచేయువారని కూడ చెప్పుట న్యాయము. ఆముదము మా మెట్టచేలలో పండునదే యైనను చిక్కనిది. మా నీటికి వదలదు.

చివర పోసికొను రెండు చెంబుల నీటిని మాత్రము ముందుగా మరగించి, చల్లార్చి, పైతేట తీసికొంటిమి. మరగించినచో సున్నములో కొంతభాగము అడుగున పెచ్చై దిగిపోవును. అందులో కొన్ని నిమ్మరసపు చుక్కలు వేసితిమి. నాలుగవ వారము తడి కొనలకు మూడు చుక్కల నూనె రాచి, పెద్దపండ్ల దువ్వెనతో కొననుండి పైకి చిక్కు తీయించితిమి. జుట్టు పట్టుకుచ్చు కాలేదు. ఆ మాట చెప్పినచో అబద్ధమగును. కాని దువ్వెన దిగినది, దురద పోయినది.

ఇదే అందఱికిని పడునని మేము చెప్పము. వంకీలజుట్టు గల పిల్లకు సీసాయే మేలు కావచ్చును; అప్పుడు దానిని మాడునకు తగులనీయక కొనలకు మాత్రము రాయవలెను. ఊరిపేరు వినగానే గోరింటాకు పెట్టుమను హాస్యప్రియులున్నారు. ఎండిన జుట్టును గోరింటాకు మఱింత ఎండజేయుట కలదు. మాడు ఎఱ్ఱబడి పొట్టు రాలినను, జుట్టు గుప్పెళ్ళుగా ఊడినను సీకాయను నమ్ముకొనక వైద్యునికి చూపవలెను. రక్తహీనతయే కారణము కావచ్చును.

బాలికల వసతిగృహములు నడుపువారిని ఒక్కటి కోరుచున్నాము. వాన కురిసిన నాడు కప్పునుండి జారు నీటిని తొట్టిలో పట్టి మూతపెట్టినచో, ఆదివారమున తలకొక రెండు చెంబుల మెత్తనినీరు ఇవ్వవచ్చును. ఆ రెండు చెంబులను అడిగి పుచ్చుకొనుటకు ఏ పిల్లయు సంకోచింపరాదు.

ఆ బాలిక పరీక్షలకు జడతోనే పోయినది. మిగిలిన సగము సీసాను ఉగాదికి వచ్చిన అక్క తిరిగి బెంగుళూరునకు తీసికొనిపోయినది.