వారమునకు ఒక గంట పని

కేంద్ర గణాంక శాఖవారు 2017లో ఆరంభించిన శ్రామిక శక్తి సర్వే, 2025 ఏప్రిల్ మాసపు అంకెలతో మొదలిడి, నెలనెలకు ఫలితములను ప్రకటింప నారంభించినది. పని చేయుచున్నవారు, పని కోరుచున్నవారు కలిసి నూర్గురనుకొన్నచో, అందు నిరుద్యోగులు ఆ ఏప్రిల్‌లో 5.1, మరుసటి నెల 5.6. ఈ అర శాతమును గూర్చి పత్రికలలో చర్చ జరిగినది. 2025లో వెలువడిన ఈ నెలవారీ అంకెలు దేశమంతటికి కలిపి యిచ్చినవి. వానిలో షోలాపురమును వెదకుట గాదెలో ఒక గింజను వెదకుట వంటిది.

అయినను మన వాడలవారు తెలిసికొనవలసిన విషయము ఆ శాతము కాదు. దాని వెనుకనున్న నియమము. గడచిన ఏడు దినములలో ఏ ఒక్క దినముననైనను ఒక్క గంట పని చేసినవాడు ఆ వారమునకు పని గలవాడే. ఇది దొంగలెక్క యని మేమనము. ఇతర దేశములలోను ఇట్టి కొలతయే వాడుకలో నున్నది. పొలమును, మిల్లును, కచేరిని ఒకే త్రాసున తూచవలెనన్నచో ఎచ్చటనో ఒక గీత గీయక తప్పదు. ఆ గీత మరమగ్గపు షెడ్డుపై పడినప్పుడు ఏమగునో చూడుడు.

అక్కల్‌కోట రోడ్డున టవళ్ళు నేయు కార్మికునకు నేతను బట్టి కూలి. నూలు ధర పెరిగినను, సరకు నిలువ పడినను, యజమాని ఆరు దినముల పనిని మూడు దినములకు దించును. కూలి సగమగును, ఇంటి అద్దె, పిల్లల ఫీజు సగము కావు. సర్వే కాగితముపై మాత్రము అతడు మునుపటివలెనే పని గలవాడు. ఎన్ని గంటలు పని చేసితివని కూడ సర్వేవారు అడుగుదురు, నిజమే. కాని పత్రికల శీర్షికల కెక్కునది నిరుద్యోగ శాతమొక్కటే.

మన స్త్రీల సంగతి మరియు చిత్రము. కంపెనీ యిచ్చిన ఆకు, తంబాకు ఇంటికి తెచ్చుకొని, వెయ్యికింత యని కూలి పుచ్చుకొని బీడీలు చుట్టు తల్లిని 1966 నాటి బీడీ కార్మికుల చట్టము ఉద్యోగినిగానే గుర్తించినది. ఇంటి వద్ద పని చేయువారు ఆ నిర్వచనములో స్పష్టముగా చేరియున్నారు. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కార్మిక స్మృతులలో ఆ చట్టము కలిసిపోయినది. సర్వే పద్ధతిలోనో, ఇంటి వద్ద ఇట్లు పని చేయువారు స్వయం ఉపాధి గలవారి క్రిందికి వత్తురు. ఆకు కంపెనీది, ధర కంపెనీది, బీడీ బాగుగ లేదని తీసివేయు చేయియు కంపెనీదే. స్వయం ఉపాధి మాత్రము ఆమెది!

పూర్వము ఈ ఊరిలో నిరుద్యోగము దాగెడిది కాదు. 1877లో స్థాపితమైన షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు 1949 ఆగస్టులో మూతపడినప్పుడు వేలాది కార్మికులు ఒకే దినమున వీధిన పడిరి. మస్టరులో పేర్లున్నవి, ఎందరో లెక్క తేలినది. 1950 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ఆర్డినెన్సుతో మిల్లు నిర్వహణను తన చేతికి తీసికొన్నది. అందుకు చెప్పిన కారణములలో తీవ్ర నిరుద్యోగమొకటి. ఆ తగవు సుప్రీం కోర్టు వరకు పోయినది కూడ. నేటి మరమగ్గములు అట్లు ఒక్కసారిగా మూతపడవు. ఈ సందులో రెండు, ఆ సందులో నాలుగు, చప్పుడు లేకుండ ఆగును. ఏ ఆర్డినెన్సు వచ్చును?

సిరిసిల్లలోని మన బంధువుల అనుభవము వేరు. 2017 నుండి బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చిన మాసములలో అచ్చట చేతి నిండ పని. 2024లో ఆ చీరల పంపిణీ నిలిచినప్పుడు నష్టము ఇంతయని చూపగలిగిరి. ఆర్డరు ఇచ్చునది ప్రభుత్వమే గనుక అడుగుటకు ఒక వాకిలి యున్నది. బజారును నమ్మిన మనకు ఆ వాకిలియు లేదు.

ఇందులో మన దోషమును కొంత కలదు. సర్వే ఉద్యోగి వచ్చి మరాఠీలో "కామ్ ఆహే కా?" అని అడుగగానే మన ఇంటి పెద్ద "ఆహే" యనును. పెండ్లి కెదిగిన పిల్ల ఇంట నుండగా, పని లేదని పరాయివాని యెదుట చెప్పుట నామోషి. ఈ పరువు వెల ఎంతయో ఎవ్వరును కట్టి చూడలేదు.

కావున మన సంఘము పక్షమున గల్లీకొక పుస్తకము పెట్టవలెనని మా సూచన. వారమునకొకసారి, మగ్గము ఎన్ని దినములు, ఎన్ని గంటలు నడచినది, చేతికి వచ్చిన కూలి యెంత, ఆగినచో నూలు లేకనా, కరెంటు లేకనా, ఆర్డరు లేకనా యని వ్రాయవలెను. బీడీల యిండ్లలో ఎన్ని వేలకు ఆకు ఇచ్చిరి, ఎన్ని తీసివేసిరి యని. కాలేజీకి పోవు మన పిల్లలు నెల కడపట మొత్తములు కట్టి, మరాఠీలో వ్రాసి, కార్మిక శాఖ కచేరికి, మన కార్పొరేటర్లకు అందజేయగలరు. ఆరు మాసముల పుస్తకము చేతనున్నచో సగము పనికి సగము ఆకలి యని నోటితో చెప్పుకొననక్కరలేదు. మొత్తముల కాగితమున మాత్రము ఎవ్వరి పేరును ఉండరాదు. యజమానికి తెలియునన్న జంకు పుట్టినచో రెండవ వారమునకే పుస్తకము ఖాళీగా తిరిగి వచ్చును.