తోటకు పోదాం తమ్ముళ్లూ!

వార్షికోత్సవం దగ్గర పడగానే హాస్టల్‌లో విహారయాత్ర మాట వస్తుంది. సినిమాకా, ఎగ్జిబిషన్‌కా, డ్యామ్‌కా అని గదికో అభిప్రాయం. ఎవరైనా "లాల్‌బాగ్ పోదాం" అంటే, "చెట్లు చూసేదానికి బెంగుళూరు దాకానా? మన ఊర్లో లేవా?" అని నవ్వేస్తారు. ఒకప్పుడు మేమూ అలా నవ్వినవాళ్లమే. మా అభిప్రాయం ఎందుకు మారిందో తమ్ముళ్లకు చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

మన ఇళ్లలో తోట అంటే పని. మన అమ్మానాన్నలు చెనక్కాయ చేలల్లో కలుపు తీశారు, మల్బరీ తోటల్లో ఆకు కోశారు. ఆ తోటలు వేరేవాళ్లవి. కూలి తీసుకుని రావడమే గానీ, అక్కడ నీడన ఊరికే కూర్చునే హక్కు వాళ్లకు ఎన్నడూ లేదు. పీజీ సీటు వచ్చాక మాలో ఒకడు వాళ్లమ్మను లాల్‌బాగ్‌కు తీసుకెళ్లాడు. లోపలికి రాగానే ఆమె అడిగిన మొదటి మాట, "ఇంత తోటకి కలుపు ఎవురు తీస్తార్రా?" అని. చెరువు గట్టున బెంచీ మీద కూర్చోమంటే చుట్టూ చూసి, "ఎవురూ ఏమనరు గదా?" అంది. తోట చూడడం ఉబుసుపోక చేసే పని కాదని మాకు ఆ రోజే అర్థమైంది.

1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట అది. టిప్పు సుల్తాన్ పరదేశాల నుంచి మొక్కలు తెప్పించి పెంచాడు. 1889లో గాజు మేడ కట్టారు. నాడు నవాబుల తోట, నేడు 240 ఎకరాలూ టికెట్ కొన్న ప్రతివాడివీ. చదివి చదివి తల వేడెక్కినవాడికీ, పరీక్ష తప్పినవాడికీ, ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాడికీ ఆ నీడలో ఒక పూట చాలు. జనవరి 26, ఆగస్టు 15 సమయాల్లో జరిగే పూల ప్రదర్శనలకు విపరీతమైన రద్దీ. మామూలు రోజున వెళ్లడమే మేలు.

ఇక రెండో సంగతి. మెస్ సాంబారులో తేలే బెంగుళూరు వంకాయను తిట్టుకోనివాడు మనలో లేడు. నిజానికి దాని పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. 1874 నుంచి లాల్‌బాగ్ బాధ్యతలు చూసిన జాన్ కామెరాన్ దాన్ని బెంగుళూరుకు పరిచయం చేశాడని చెబుతారు. అంటే ఇలాంటి తోటలు చూడడానికే కాదు, మన పెరటికి మొక్కనూ, తెలివినీ ఇవ్వడానికి కూడా.

అయితే ఆ తెలివి ఎలా తెచ్చుకోవాలో మాకు మొదట తెలియలేదు. ఇంటర్‌లో వెళ్లినప్పుడు గులాబీల మీద మోజుపడి రెండు మొక్కలు కొని హాస్టల్ ముందు నాటాం. ఏప్రిల్ దాటలేదు. తప్పు మొక్కది కాదు, మాది. బెంగుళూరు 900 మీటర్ల ఎత్తున ఉన్న చల్లని ఊరు. మన అనంతపురంలో ఏడాది మొత్తానికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల వాన. కాబట్టి పూలు చూసి మురిసిపోతే చాలదు. ఏ మొక్క ఎండకు ఓర్చుకుంటోంది, ఏది నీడ కోరుతోంది, మొదట్లో ఏం పరిచారు అని గమనించాలి. తోటమాలిని అడిగితే విసుక్కోకుండా చెబుతాడు.

"సొంత పెరడే లేదు, మొక్కలెక్కడ?" అంటారేమో. పగిలిన బకెట్టుకు అడుగున చిల్లులు పెడితే పుదీనాకు చాలు. స్నానాల గదుల నీళ్లు రోజూ గోడ వెనక మడుగు కట్టి దోమలను పెంచుతున్నాయి. అక్కడ నాలుగు అరటి పిలకలు వేద్దాం. వంటగదిలో బియ్యం కడిగిన నీళ్లతో కరివేపాకు, మునగ బతుకుతాయి.

"చదువు పాడవుతుంది" అనే పెద్దలకు మా మనవి ఒక్కటే. పోయేది ఒక్క ఆదివారం. ప్రతి ఒక్కరూ నోటుబుక్కులో పది చెట్ల పేర్లు రాసుకొస్తే అదీ చదువే.

వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులైన అన్నలారా! ఈసారి పూలదండలు, శాలువాలు వద్దు. తలా ఒక వేప మొక్కో, కానుగ మొక్కో తీసుకురండి. నీళ్లు పోసే పూచీ తమ్ముళ్లది. రేపు మనల్ని చూడడానికి వచ్చే అమ్మలు ఆ చెట్ల కింద ఎవరినీ అడగకుండా కూర్చోవాలి.