కక్ష ఎవరిది, కుట్ర ఎవరిది?

పల్నాడులో ద్వేషానికి మాటలు కరువు లేవు. పగ, కక్ష, పంతం, పౌరుషం మగవాళ్ళకు. కుట్ర, కుళ్ళు, ఓర్వలేనితనం మనకు! ఈ పంపకం ఎవరు చేశారు?

పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధం కథనే చూడండి. గురజాలలో నలగామరాజు మంత్రిణి నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడవాలన్న షరతుకు ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆమె మోసంతో గెలిచిందంటారు. సరే, రాజ్యాన్ని కోడికాలికి కట్టిన ఆయన పంతాన్ని ఏమనాలి? కారంపూడిలో వీరులకు నేటికీ ఏటా తిరునాళ్ళు. నాగమ్మ పేరు మాత్రం జిత్తులమారి ఆడదాన్ని తిట్టడానికి మిగిలింది. ఆడది మంత్రాంగం నడపడమే ఆమె అసలు నేరమని మా అభిప్రాయం.

పాత కథేలే అనుకోవద్దు. భార్యను హింసించడం నేరమంటూ 1983లో 498-ఎ సెక్షన్ వచ్చింది. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. అయినా కొట్టిన భర్తది 'కోపం', ఫిర్యాదిచ్చిన భార్యది 'కక్ష సాధింపు'. అసంతృప్తితో ఉన్న భార్యలు ఈ సెక్షన్‌ను ఆయుధంగా వాడుతున్నారని 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు సైతం రాసింది. మగవాడికి పౌరుషమైన కక్ష మన దగ్గరకు వచ్చేసరికి కేసు నీరుగార్చే సాకవుతోంది. స్టేషన్‌లో ఆ మాట అంటే, ఏ ఆధారంతో అంటున్నారో అడగండి. దెబ్బలు తిన్న తేదీలు ఫిర్యాదులో రాయించండి.