అప్పు దేశానిది, ఖాతా పాలకుడిది



వర్ధమాన దేశాల అప్పులపై గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. సబ్సిడీలు, సంక్షేమ పథకాలే కొంప ముంచుతున్నాయని రచయిత తేల్చేశారు. తెచ్చిన డబ్బు ఎటు పోయిందో మాత్రం ఆరా తీయలేదు.

ఫిలిప్పీన్స్‌నే తీసుకోండి. 1965 చివర్లో మార్కోస్ అధ్యక్షుడిగా గద్దెనెక్కేనాటికి ఆ దేశ విదేశీ అప్పు వంద కోట్ల డాలర్లలోపే. 1986లో ఆయన దేశం విడిచి పారిపోయేనాటికి అది దాదాపు 2,600 కోట్లకు చేరింది. అప్పులతో కట్టిన బతాన్ అణు విద్యుత్కేంద్రం 200 కోట్ల డాలర్లకు పైగా మింగి, ఒక్క యూనిట్ కరెంటు కూడా ఇవ్వలేదు. దాని బాకీని జనం 2007 దాకా తీర్చారు.

మరోపక్క మార్కోస్ దంపతులు 1968లోనే విలియం సాండర్స్, జేన్ రయన్ అనే మారుపేర్లతో స్విస్ ఖాతాలు తెరిచారు. స్విస్ బ్యాంకుల్లో వారు దాచిన సొమ్ములో 65 కోట్ల డాలర్లకు పైగా ప్రభుత్వానికే చెందుతుందని 2003లో ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఇలా దేశం పేరిట వచ్చిన అప్పులో కొంత, దొడ్డిదారిన పాలకుల సొంత ఆస్తిగా మళ్లీ విదేశాలకే చేరుతుంది. ఫిలిప్పీన్స్‌లోనూ, ఆఫ్రికాలోనూ ఆర్థికవేత్త జేమ్స్ బోయ్స్ అధ్యయనం చేసింది ఈ చక్రాన్నే.

సంక్షేమంలో దుబారా లేదనను. కానీ పొదుపు పాఠాలు జనానికేనా? కళ్లు మూసుకుని అప్పిచ్చిన బ్యాంకులూ నష్టంలో వాటా మోయాలి. ప్రతి విదేశీ రుణ ఒప్పందాన్నీ సంతకానికి ముందే చట్టసభ ముందుంచాలి.

— ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, గుంటూరు