85 పిల్లల లెక్క ఎవరికి పట్టింది?

అమెరికా వాయవ్య మూలన నియా బేలో ఉండే మకా తెగవారు తిమింగలాన్ని వేటాడవచ్చా, కూడదా? ఈ తగువు పాతికేళ్లు దాటినా తెగలేదు. 1855 నాటి ఒప్పందం ఇచ్చిన హక్కని వాళ్లంటారు, హింస అని జంతుప్రేమికులంటారు. పదేళ్లలో గరిష్ఠంగా 25 గ్రే తిమింగలాల వేటకు 2024 జూన్‌లో ప్రభుత్వం దారి తెరవగానే మళ్లీ రచ్చ. అంటే ఏడాదికి రెండో మూడో. వాటి కోసం ఇంత గొంతు చించుకున్నవాళ్లకు 85 అనే అంకె మాత్రం ఆనడం లేదు.

2025లో మెక్సికో మడుగుల నుంచి ఆర్కిటిక్ వైపు బయల్దేరిన తల్లుల వెంట మధ్య కాలిఫోర్నియా తీరం దాటిన పిల్లలు సుమారు 85. 1994లో ఈ లెక్కింపు మొదలయ్యాక ఇదే అతి తక్కువ. 2016లో దాదాపు 27 వేలున్న ఈ తిమింగలాలు 2025 నాటికి 13 వేల దగ్గరికి వచ్చాయి. రష్యాలోని చుకోట్కా వేటను కలుపుకున్నా అంతర్జాతీయ కోటా ఏడాదికి 140కి మించదు. సగం మంద తరిగిపోవడానికి ఈటె కారణం కాదు, ఆకలి.

ఆ ఆకలి ఎక్కడ పుట్టిందో చూడాలంటే బేరింగ్, చుక్చీ సముద్రాల అడుగుకు దిగాలి. గ్రే తిమింగలం అక్కడ ఒక పక్కకు ఒరిగి, బురదను నోటినిండా పీల్చి, నీళ్లూ మట్టీ బయటికి వదిలేసి, గొట్టాల్లాంటి గూళ్లలో దాక్కున్న ఆంఫిపాడ్లను మింగుతుంది. చిన్న రొయ్యల్లా ఉండే ఆ జీవులకు తిండి పైనుంచే రావాలి. మంచు పలకల అడుగున పట్టిన నాచు, మంచు కరగగానే, పైనున్న ప్రాణులు తినేయకముందే లోతు తక్కువైన ఆ నేలకు రాలుతుంది. మంచు తగ్గితే నాచు నీటిలోనే ఆలస్యంగా పెరుగుతుంది, పైపైనే ఖర్చయిపోతుంది. కింద పంక్తి ఖాళీ. వేసవి మేతతో పట్టిన కొవ్వే వలసంతా ఆధారమైన తల్లి చిక్కిపోతే పిల్లలెక్కడివి? అందుకే 85.

‘మంచు పోతే ఎండ పడుతుంది, నాచు పెరుగుతుంది, తిమింగలాలకు పండగే’ అనే ఆశావాదులూ ఉన్నారు. 1998 నుంచి 2018 మధ్య ఆర్కిటిక్‌లో నాచు ఉత్పత్తి 57 శాతం పెరిగిన మాట నిజమే. నీటిలో తేలే జీవులను తినే బోహెడ్ తిమింగలాలకు కొన్నిచోట్ల మేలు జరిగింది కూడా. కానీ బురదలో మేసే ప్రాణికి పైన ఎంత పండినా అది కిందికి చేరకపోతే ఒరిగేదేముంది?

2019లో కళేబరాలు ఒడ్డుకు కొట్టుకొస్తుంటే అమెరికా అధికారులు ‘అసాధారణ మరణాలు’ అంటూ దర్యాప్తు ప్రారంభించారు. మేత ప్రాంతాల్లో వచ్చిన మార్పే మూలమని తేల్చారు కూడా. మూడు దేశాల తీరాల్లో 690 కళేబరాలు లెక్కకొచ్చాక, 2023 నవంబరుతో ఆ ఘట్టం ముగిసిందని ఫైలు మూసేశారు. ముగిసిందేమిటి? రెండేళ్లు తిరక్కుండానే 85 వచ్చింది!

గ్రే తిమింగలాన్ని 1994లో అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితా నుంచి తీసేసి విజయగాథగా చాటారు. ఆ విజయం వేట ఆగినందుకు దక్కింది. మంచు పోయిన సముద్రంలో అది చెల్లదు. ఆ నిర్ణయాన్ని తిరగదోడాలి. చుక్చీ అడుగున మేత ఎంత మిగిలిందో ఏటా కొలవాలి. చమురు, బొగ్గు పొగకు కళ్లెం వేయాలి. ఇవేవీ చేయకుండా మకా పడవను అడ్డుకుని తిమింగలాన్ని కాపాడామని చెప్పుకోవడం పచ్చి బుకాయింపు.